అందరిలోకీ గొప్ప సెంటర్ ఎవరు?

ముందుగా మీకొక చిక్కు ప్రశ్న. తొందరపడకుండా ఆలోచించండి.

1961-62 సంవత్సరంలో అమెరికా దేశపు వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్.బి.ఏ.లో ఇద్దరు ఆటగాళ్ళుండేవారు. ఇద్దరూ సెంటర్ స్థానంలో ఆడేవారే. మొదటివాడు ఆ ఏడు 80 ఆటలాడి 4,029 పాయింట్లు చేశాడు. 80తో భాగించి చూడండి. ఆటకు సగటున 50 పైచిలుకు! అంతకు ముందు గాని, ఆ తరువాత గాని ఎవరూ ఆ సగటు దరిదాపులకు రాలేదు. రెండోవాడి సగటు 18.9 మాత్రమే. ఆ రోజుల్లో ‘అత్యంత విలువైన ఆటగాడు’ అనే బిరుదును ఆటగాళ్ళే ఓట్లు వేసి ఇచ్చేవారు. ఆ ఏడు ఆ బిరుదు ఎవరికి వచ్చి ఉంటుంది?

మొదటివాడికి అనుకున్నారా? కాదు, రెండోవాడికే వచ్చింది.

తమాషా ఇంతటితో అయిపోలేదు. పత్రికల వాళ్ళూ, రేడియో వాళ్ళూ కలిసి ఆ ఏటి ఉత్తమ జట్టును ఎంపిక చేస్తారు. వాళ్ళు మొదటివాణ్ణి మొదటి జట్టులోనూ, రెండోవాణ్ణి రెండో జట్టులోనూ వేశారు. చూసి రాసేవాళ్ళు ఒకరు గొప్ప అన్నారు. మైదానంలో ఎదురుగా నిలబడి మోచేతి పోట్లు తిన్నవాళ్ళు మరొకరు గొప్ప అన్నారు. మొదటివాడి పేరు విల్ట్ ఛాంబర్లేన్, రెండోవాడి పేరు బిల్ రస్సెల్. వాళ్ళ తరువాత కరీం అబ్దుల్ జబ్బార్ వచ్చాడు, ఇంకా కొందరు వచ్చారు. వీళ్ళలో ఎవరు గొప్ప అన్న వాదన ఈనాటికీ తెగలేదు.

ఆటల కబుర్లు సైన్సు పత్రికలో ఎందుకని మీలో కొందరికి అనుమానం రావచ్చు. కొలవడం, పోల్చడం, ఋజువు అడగడం, ఇవి విజ్ఞానశాస్త్రం పనులు. ఈ వాదనలో ఆ మూడింటికీ పని ఉంది. ముగ్గురు మనుషులు, మూడు కాలాలు, మూడు రకాల అంకెలు. వాటిని ఒకే తక్కెడలో తూచడం ఎలాగో చూద్దాం.

పొడుగు మనిషి పని

బాస్కెట్‌బాల్‌లో జట్టుకు ఐదుగురు. అందులో బుట్టకు దగ్గరగా నిలబడేవాడు సెంటర్. తన జట్టు ఆడేటప్పుడు దగ్గరనుంచి బంతిని బుట్టలో వేయాలి. ఎదుటివాళ్ళు ఆడేటప్పుడు వాళ్ళ బంతిని అడ్డుకోవాలి. గురి తప్పి బోర్డుకో రింగుకో తగిలి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవాలి. దీన్నే రీబౌండ్ అంటారు. రింగు నేలనుంచి సరిగ్గా 10 అడుగుల ఎత్తున ఉంటుంది. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెచ్చి వ్యాయామశాల బాల్కనీ అంచుకు కొట్టించాడు. ఆ అంచు 10 అడుగుల ఎత్తున ఉంది. అంతే, ఆ ఎత్తే స్థిరపడిపోయింది. బాల్కనీ 12 అడుగులుంటే ఈ వ్యాసం వేరే మనుషుల గురించి రాయవలసి వచ్చేదేమో!

మొదటి గొప్ప సెంటర్ జార్జ్ మైకాన్. ఎత్తు 208 సెంటీమీటర్లు, మందపాటి కళ్ళద్దాలు. అతన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. 1950 నవంబరు 22న ఫోర్ట్‌వేన్ జట్టు ఒక ఉపాయం పన్నింది. బంతి చేతికి చిక్కితే చాలు, బుట్ట వైపు వేయకుండా ఒకరికొకరు అందించుకుంటూ కాలం గడిపేసింది. ఆట ముగిసేసరికి ఫోర్ట్‌వేన్ 19, మైకాన్ జట్టు 18. ఆ 18లో 15 పాయింట్లు మైకాన్ ఒక్కడివే. చూడవచ్చిన జనానికి ఎంత విసుగు పుట్టి ఉంటుందో మీరే ఊహించండి.

ఇలాంటి ఆటలు పెరిగిపోతుంటే 1954లో ఒక నిబంధన తెచ్చారు. బంతి దొరికిన జట్టు 24 సెకన్లలోగా బుట్ట వైపు వేసి తీరాలి. ఈ 24 ఎక్కడిది? సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ వేసిన లెక్క అది. రక్తి కట్టిన ఆటల్లో ఒక్కో జట్టు సుమారు 60 సార్లు బుట్ట వైపు బంతి వేస్తుందని అతను గమనించాడు. రెండు జట్లవీ కలిపితే 120. ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. 2,880ని 120తో భాగిస్తే 24. నాలుగో తరగతి భాగహారం ఒక ఆటను బ్రతికించింది.

ఈ నిబంధన సంగతి గుర్తుంచుకోండి. దీనితో ఆట వేగం పుంజుకుంది. వేగం మారితే అంకెలన్నీ మారిపోతాయి.

నూరు పాయింట్ల రాత్రి

ఛాంబర్లేన్ ఎత్తు 216 సెంటీమీటర్లు. 1962 మార్చి 2న హెర్షీ అనే చిన్న ఊళ్ళో న్యూయార్క్ జట్టు మీద ఒక్కడే 100 పాయింట్లు చేశాడు. ఆ లెక్క సరిచూడండి. ఆట మధ్యలో బుట్టలో వేస్తే 2 పాయింట్లు. అలా 63 సార్లు ప్రయత్నించి 36 సార్లు వేశాడు. ఎదుటివాళ్ళు తప్పు చేసినప్పుడు ఎవరూ అడ్డు లేకుండా వేసే ఫ్రీ త్రోకు 1 పాయింటు. అవి 32లో 28 పడ్డాయి. 72, 28, మొత్తం నూరు.

ఇక రీబౌండ్లు. ఆ సీజన్‌లో అతని సగటు ఆటకు 25.7. ఈనాటి సెంటర్లలో ఆటకు 13 లేదా 14 అందుకుంటే గొప్పగా చెప్పుకుంటారు. మరి ఛాంబర్లేన్ ఈనాటి వాళ్ళకు రెండింతల ఘనుడా? ఆగండి. రీబౌండు పుట్టాలంటే ముందు ఎవరో ఒకరు గురి తప్పాలి కదా! 1961-62లో ఒక్కో జట్టు ఆటకు సగటున సుమారు 108 సార్లు బంతి వేసేది. అందులో నూటికి 43 కంటే తక్కువే పడేవి. మిగిలినవన్నీ రీబౌండ్లకు అవకాశాలే. అందుచేత జట్టుకు సగటున 71 దాకా రీబౌండ్లు దొరికేవి. 2022-23 సీజన్‌కు వస్తే, జట్టు సుమారు 88 సార్లు వేసింది, నూటికి 47 పైగా పడ్డాయి, రీబౌండ్లు 43కు దిగాయి. చెరువులో చేపలే తగ్గిపోతే ఎంత మంచి జాలరికైనా బుట్ట నిండదు.

కాబట్టి అంకెను కాక వాటాను చూద్దాం. 71లో 25.7 అంటే నూటికి 36 వంతులు. 43లో 36 వంతులు తీస్తే సుమారు 15.5 వస్తుంది. ఇప్పటికీ గొప్ప అంకెే, కాని నమ్మలేనిది కాదు. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ సీజన్‌లో అతను ఆటకు సగటున 48.5 నిమిషాలు ఆడాడు. ఆటే 48 నిమిషాలయితే 48.5 ఎలాగంటారా? సమమైన ఆటలకు అదనపు సమయం ఇస్తారు. అతను ఏడాది మొత్తంలో బయట కూర్చున్నది 8 నిమిషాలు మాత్రమే. ఈనాటి పేరున్న ఆటగాళ్ళు 36 నిమిషాల చొప్పున ఆడతారు. 36 నిమిషాలకు కుదిస్తే అతని 50.4 పాయింట్లు 37 పైచిలుకు అవుతాయి. అయితే ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. అలసిపోకుండా ఏడాది పొడుగునా నిలబడటం కూడా ఒక గొప్పే కదా! దాన్ని కత్తిరించేసి, మిగిలినదాన్ని కొలవడం పూర్తి న్యాయం అనిపించదు.

అట్ట ముక్కతో ప్రయోగం

ఇంతటి బలశాలికీ ఒక బలహీనత ఉండేది. అదే ఫ్రీ త్రో. బుట్ట వెనుక బోర్డుకు 15 అడుగుల దూరంలో గీత మీద నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా, తీరిగ్గా వేసే బంతి. అందులోనే అతను తడబడేవాడు. వృత్తి జీవితం మొత్తం మీద వేసినవాటిలో సగానికి కాస్త మించి మాత్రమే పడ్డాయి. 1967-68లో అయితే 932 వేస్తే నూటికి 38 చొప్పున పడ్డాయి.

కారణం ఆలోచించే ముందు ఒక ప్రయోగం చేయండి. అట్ట ముక్కలో గుండ్రటి రంధ్రం కత్తిరించండి. అట్టను బల్లకు సమాంతరంగా పట్టుకుని నిట్టనిలువుగా పైనుంచి చూడండి. రంధ్రం గుండ్రంగా కనబడుతుంది. ఇప్పుడు తల మెల్లగా కిందికి దించుతూ పక్కనుంచి చూడండి. రంధ్రం కోడిగుడ్డులా నొక్కుకుపోయి, చివరికి సన్నని గీతలా మారుతుంది. బంతికి కూడా రింగు ఇలాగే ‘కనబడుతుంది’. పైనుంచి దిగే బంతికి పెద్ద ద్వారం, పక్కనుంచి వచ్చే బంతికి ఇరుకు సందు.

ఎంత ఇరుకు? రింగు వ్యాసం సుమారు 46 సెంటీమీటర్లు, బంతి వ్యాసం సుమారు 24. బంతి నేలకు 30 డిగ్రీల కోణంలో దిగితే ద్వారం వెడల్పు 46ను సైన్ 30తో, అంటే అరతో, గుణించినంత. 23 సెంటీమీటర్లు! బంతి 24, సందు 23. రింగుకు తగలకుండా వెళ్ళడం అసాధ్యం. 32 డిగ్రీల దగ్గర కాని సందు బంతికి సరిపోదు. 45 డిగ్రీలకు అది 32 సెంటీమీటర్ల పైన ఉంటుంది. మరి నిలువుగా పడేటట్టు ఆకాశమంత ఎత్తుకు వేస్తే? ద్వారం పెద్దదవుతుంది కాని, అంత బలంగా వేసినప్పుడు చేతి వేగంలో పిసరంత తేడా వచ్చినా బంతి ఎక్కడో పడుతుంది. రెంటికీ మధ్య రాజీ కుదుర్చుకోవాలి.

ఈ లెక్కన పొడుగువాళ్ళకు మేలు జరగాలి. పొట్టివాడు రింగుకంటే బాగా కిందనుంచి వేస్తాడు కాబట్టి, బంతి రింగు చేరేటప్పటి కోణం చెయ్యి విడిచినప్పటి కోణంకంటే బాగా తగ్గిపోతుంది. పొడుగువాడికి ఆ నష్టం తక్కువ. అయినా ఛాంబర్లేన్ తప్పుతూనే ఉండేవాడు. చేతులు మరీ పెద్దవి కావడం వల్లనే అనేవాళ్ళున్నారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. అతనికంటే 2 సెంటీమీటర్లు పొడుగైన అబ్దుల్ జబ్బార్ నూటికి 72 వేశాడు.

నూరు పాయింట్ల రాత్రి 32కి 28 ఎలా పడ్డాయన్నది ఇక్కడ అసలు ప్రశ్న. ఆ సీజన్‌లో అతను పద్ధతి మార్చాడు. బంతిని తలమీదనుంచి కాక, రెండు చేతులతో మోకాళ్ళ మధ్యనుంచి ఊపి పైకి వేశాడు. చిన్నపిల్లలు బరువైన బంతిని వేసేది ఇలాగే. ఈ పద్ధతిలో రెండు చేతులూ సమానంగా కదులుతాయి కాబట్టి బంతి పక్కలకు పోదు. పైగా బంతి వెనక్కి తిరుగుతూ వెళుతుంది. అలా తిరిగే బంతి రింగుకు తగిలినప్పుడు ఘర్షణ వల్ల దాని ముందుకు పోయే వేగం తగ్గి, ఎగిరి అవతల పడకుండా అక్కడే తారాడి బుట్టలోకి జారుతుంది. ఆ సీజన్‌లో అతని ఫ్రీ త్రోలు నూటికి 61 పడ్డాయి. అతని జీవితంలో అంతకంటే మంచి ఏడాది లేదు. తరువాత తరంలో రిక్ బ్యారీ అనే ఆటగాడు ఇదే పద్ధతిలో నూటికి 89 దాకా వేశాడు.

అయినా ఛాంబర్లేన్ ఆ పద్ధతిని వదిలేశాడు. ఎందుకో తెలుసా? అలా వేస్తుంటే తనకు నామోషీగా, ఆడంగిగా ఉండేదని తరువాత తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. తప్పని తెలిసీ అలా చేశానని కూడా ఒప్పుకున్నాడు. 1967-68 లెక్కే చూడండి. 932 ఫ్రీ త్రోలకు 38 బదులు 61 వంతులు పడి ఉంటే 214 పాయింట్లు అదనం. 82 ఆటలకు పంచితే ఆటకు రెండున్నర పైన. ‘రెండున్నరేనా’ అని తీసిపారేయకండి. కాసేపట్లో దాని విలువ తెలుస్తుంది.

లెక్కకు అందనివాడు

రస్సెల్ బోస్టన్ జట్టులో 1956 నుంచి 1969 వరకు 13 సీజన్లు ఆడాడు. ఆ 13లో బోస్టన్ 11సార్లు విజేత. అతను రాకముందు ఆ జట్టు ఒక్కసారి కూడా గెలవలేదు. అతని పాయింట్ల సగటు 15.1. మీ పక్కవాడికి ఈ అంకె ఒక్కటీ చూపించి, ఇతనే అందరిలోకీ గొప్ప అంటే నవ్విపోతాడు.

రస్సెల్ గొప్పతనం ఎదుటివాడి బంతిని గాలిలోనే అడ్డుకోవడంలో ఉంది. దీన్ని బ్లాక్ అంటారు. మిగతావాళ్ళు బంతిని ఎడాపెడా కొట్టి జనంలోకి పంపేవారు. చప్పట్లు మారుమోగేవి, కాని బంతి మళ్ళీ ఎదుటివాళ్ళదే. రస్సెల్ అలా కాదు. బంతిని మెల్లగా తాకి తన జట్టువాడి చేతికి పడేటట్టు మళ్ళించేవాడు. మరుక్షణం బోస్టన్ అవతలి బుట్ట దగ్గర ఉండేది. ఇంతకీ అతను మొత్తం ఎన్ని బ్లాకులు చేశాడు? అధికారిక పట్టికల్లో చూస్తే సున్నా! ఎందుకంటే ఎన్.బి.ఏ. బ్లాకులను లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్‌లో. అప్పటికి రస్సెల్ ఆట మానేసి నాలుగేళ్ళు దాటింది. ఛాంబర్లేన్ కూడా 1973లోనే మానేశాడు. ఈనాడు అత్యధిక బ్లాకుల రికార్డు హకీమ్ ఒలాజువాన్ పేర 3,830 అని ఉంది. ఆ అంకె నిజమే, కాని అది ‘లెక్కపెట్టినవాటిలో’ రికార్డు. వానమాపకం పెట్టకముందు కూడా వానలు కురిశాయి కదా!

ఇంకా కష్టమైనది మరొకటుంది. రస్సెల్ దగ్గరలో ఉన్నాడన్న భయంతో ఎదుటివాడు వేయకుండా మానుకున్న బంతిని ఏ పట్టికలో రాస్తారు?

నేరుగా కొలవడం కుదరనప్పుడు శాస్త్రజ్ఞులు ఒక పని చేస్తారు. ఆ వస్తువు ఉన్నప్పుడూ, లేనప్పుడూ ఏం జరిగిందో పోలుస్తారు. మనమూ చేద్దాం. 1968-69లో రస్సెల్ ఉన్న బోస్టన్ 82 ఆటల్లో 48 గెలిచింది. మరుసటి ఏడు అతను లేడు. గెలిచినవి 34. ఛాంబర్లేన్ రాకముందు అతని జట్టు 72లో 32 గెలిచింది. వచ్చాక 75లో 49. అబ్దుల్ జబ్బార్ రాకముందు మిల్వాకీ జట్టు 82లో 27, వచ్చాక 56. ముగ్గురి విషయంలోనూ తేడా కళ్ళకు కొట్టవచ్చినట్టు కనబడుతోంది. కాని ఇది ప్రయోగశాల కాదు. బోస్టన్‌లో రస్సెల్‌తోపాటే శామ్ జోన్స్ అనే మంచి ఆటగాడు కూడా విరమించాడు. అప్పటికి రస్సెల్ వయసు 35. మిల్వాకీ అయితే కొత్తగా పుట్టిన జట్టు, ఎలాగూ ఎంతో కొంత మెరుగుపడేదే. ఒక్క కారణాన్నే విడదీసి చూడటం ఇక్కడ మన చేతిలో లేదు.

ఇప్పుడు నాణెం ఆట ఆడండి. ఎన్.బి.ఏ. చివరి దశల్లో ఇద్దరి మధ్య 7 ఆటల పోటీ ఉంటుంది. ముందుగా 4 గెలిచినవారు విజేత. చెరి 3 గెలిస్తే ఏడో ఆట తేలుస్తుంది. రస్సెల్ తన జీవితంలో అలాంటి ఏడో ఆటలు 10 ఆడాడు. పదింటికి పదీ గెలిచాడు. రెండు జట్లూ సమానమైతే ఏడో ఆట నాణెం ఎగరేసినట్టే. వరుసగా 10సార్లు బొమ్మే పడే అవకాశం 1,024లో 1. మీ తరగతిలో అందరూ తలా పదిసార్లు ఎగరేయండి. ఎవరికైనా పదీ బొమ్మే పడితే నాకు ఉత్తరం రాయండి. అయితే బోస్టన్, ఎదుటి జట్టు నిజంగా సమానమా? కావు. బాబ్ కౌసీ, శామ్ జోన్స్, జాన్ హావ్లిచెక్ వంటి మేటి ఆటగాళ్ళు రస్సెల్ పక్కన ఉన్నారు. పైగా చాలా ఏడో ఆటలు సొంత ఊళ్ళోనే జరిగాయి. నాణెం కొంచెం బొమ్మ వైపు వంగి ఉన్న మాట వాస్తవం.

ఆ పదింటిలో నాలుగు ఛాంబర్లేన్ జట్టు మీదే ఆడాడు. 1962లో 109-107. 1965లో 110-109. 1968లో 100-96. 1969లో 108-106. తేడాలు కూడండి. 2, 1, 4, 2. నాలుగు ఆటలు కలిపి తొమ్మిదే తొమ్మిది పాయింట్లు! వీటిలో చివరి రెండూ ఛాంబర్లేన్ సొంత మైదానంలోనే జరిగాయి. ఇందాక ‘రెండున్నర’ అన్నాను, గుర్తుందా? 1969 చివరి ఆటలో ఛాంబర్లేన్ 13 ఫ్రీ త్రోలు వేస్తే 4 మాత్రమే పడ్డాయి. జట్టు ఓడింది 2 పాయింట్ల తేడాతో.

ఆ ఆట కథ కొంత చెప్పాలి. అది రస్సెల్‌కు చివరి ఆట. అప్పటికి మూడేళ్ళుగా అతను ఆడుతూనే జట్టుకు శిక్షకుడుగా కూడా ఉన్నాడు. ఎన్.బి.ఏ.లో ప్రధాన శిక్షకుడైన మొదటి నల్లజాతీయుడు అతనే. లాస్ ఏంజిలిస్ యజమాని తమ జట్టే గెలుస్తుందని నమ్మి పైకప్పుకు వేల బెలూన్లు కట్టించాడు. చివరి నిమిషాల్లో ఛాంబర్లేన్ మోకాలికి దెబ్బ తగిలి బయటకు వెళ్ళాడు. కాసేపటికి తిరిగి ఆడతానన్నా శిక్షకుడు పంపలేదు. బెలూన్లు అలాగే వేలాడుతుండగా బోస్టన్ గెలిచింది. అలాంటి ఆటలోంచి ఛాంబర్లేన్ బయటకు వెళ్ళి ఉండకూడదని రస్సెల్ తరువాత విమర్శించాడు. అంతవరకు ఒకరింట్లో ఒకరు భోజనం చేసిన స్నేహితులు ఆ ఒక్క మాటతో ఇరవై ఏళ్ళకు పైగా మాట్లాడుకోలేదు. పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ కలిశారు. 1999లో ఛాంబర్లేన్ చనిపోయినప్పుడు సంస్మరణ సభలో మాట్లాడినవారిలో రస్సెల్ ఉన్నాడు. రస్సెల్ 2022లో చనిపోయాడు. అతని 6వ నంబరు చొక్కాను ఇకపై కొత్తగా ఎవరికీ ఇవ్వరాదని సంఘంలోని జట్లన్నిటికీ నియమం పెట్టారు.

పట్టికలో చేరని ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 1961 అక్టోబరులో బోస్టన్ జట్టు ప్రదర్శన ఆట కోసం కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌కు వెళ్ళింది. బస చేసినచోట నల్లజాతి ఆటగాళ్ళకు తిండి పెట్టం పొమ్మన్నారు. రస్సెల్, అతని తోటి నల్లజాతి ఆటగాళ్ళు ఆడకుండా ఇంటికి తిరుగు ప్రయాణం కట్టారు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన సీజన్ ఆ నెలలోనే మొదలైంది. తోటి ఆటగాళ్ళు ఓటు వేసేటప్పుడు ఇవన్నీ మనసులో ఉన్నాయో లేదో మనం చెప్పలేం.

ఆకాశంలోంచి కొక్కెం

కరీం అబ్దుల్ జబ్బార్ ఎత్తు 218 సెంటీమీటర్లు. అతని ఆయుధం ‘స్కైహుక్’, ఆకాశపు కొక్కెం అనవచ్చు. దీని వెనుక ఉన్న జ్యామితి చక్కనిది. ఎదుటివాడికి ఎదురుగా కాక పక్కకు తిరిగి నిలబడతాడు. ఒక భుజం ఎదుటివాడి వైపు, బంతి ఉన్న చెయ్యి రెండో వైపు. మధ్యలో తన శరీరమే గోడ. అక్కడనుంచి చేతిని పూర్తిగా చాచి, గాలిలోకి లేచి, తలమీదుగా ఇంచుమించు రింగు ఎత్తున మణికట్టుతో బంతిని వదులుతాడు. ఇక్కడ ఒక నిబంధన అతనికి కలిసివచ్చింది. బుట్ట వైపు వేసిన బంతి కిందికి దిగేటప్పుడు ఎవరూ తాకరాదు. పైకి పోయేటప్పుడే అడ్డుకోవాలి. అంత ఎత్తునుంచి వదిలిన బంతిని పైకి పోయేటప్పుడు అందుకోవాలంటే నిచ్చెన కావాలి! చిన్నప్పుడు బుట్ట కింద నిలబడి రెండు చేతులతోనూ మార్చి మార్చి వేసే ఒక అభ్యాసం చేసేవాడు. దానికి ‘మైకాన్ అభ్యాసం’ అని పేరు. అవును, ఆ కళ్ళద్దాల మైకానే.

20 సీజన్లు, 1,560 ఆటలు, 38,387 పాయింట్లు, 6 విజయాలు, 6సార్లు అత్యంత విలువైన ఆటగాడు. 1984 ఏప్రిల్ 5న ఛాంబర్లేన్ పాయింట్ల రికార్డును స్కైహుక్‌తోనే దాటాడు. ఆ కొత్త రికార్డు 2023 ఫిబ్రవరి 7న లెబ్రాన్ జేమ్స్ దాటేవరకు నిలిచింది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది వేరే ఉంది. 1971 ఫైనల్స్‌లో అతను ఉత్తమ ఆటగాడు. 1985 ఫైనల్స్‌లోనూ, 38 ఏళ్ళ వయసులో, మళ్ళీ అతనే. ఈ 14 ఏళ్ళలో జట్టు మారింది, తోటివాళ్ళు మారారు, దూరంనుంచి వేస్తే 3 పాయింట్లిచ్చే కొత్త నిబంధన 1979లో వచ్చింది. (ఆ మూడు పాయింట్ల బంతిని అతను జీవితం మొత్తంలో 18సార్లు ప్రయత్నించి ఒక్కసారి వేశాడు. పాపం!)

తరువాత వచ్చినవాళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. ఒలాజువాన్ నైజీరియాలోని లాగోస్ కుర్రవాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్‌లో గోలీ. 15 ఏళ్ళ వయసుదాకా బాస్కెట్‌బాల్ ఎరగడు. గోలీ అడుగుల చురుకే అతన్ని సెంటర్లలో ప్రత్యేకంగా నిలబెట్టింది. 1994, 1995లలో హ్యూస్టన్ జట్టును గెలిపించాడు. షకీల్ ఓనీల్ 147 కిలోల మనిషి. 1993లో రెండుసార్లు అతని దెబ్బకు బుట్ట స్తంభం, బోర్డు కూలిపోయాయి. 2000 నుంచి 2002 వరకు వరుసగా మూడు ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు. ఫ్రీ త్రోలలో మాత్రం ఛాంబర్లేన్‌కు తమ్ముడే. సెర్బియా దేశపు నికోలా యోకిచ్ ఎగరడమే తక్కువ. బుట్టకు దూరంగా నిలబడి తోటివాళ్ళకు బంతులందించి 2023లో డెన్వర్‌ను గెలిపించాడు. సెంటర్ అంటే మైకాన్ నాటి అర్థం ఇప్పుడు లేదు.

ఆట నియమాలే ఈ మనుషుల్ని చూసి మారాయి. బుట్ట ముందు ఎక్కువసేపు నిలబడరాని గళ్ళు ఒకటుంటుంది. మైకాన్ వల్ల 1951లో దాన్ని 6 అడుగులనుంచి 12కు, ఛాంబర్లేన్ వల్ల 1964లో 16కు వెడల్పు చేశారు. అబ్దుల్ జబ్బార్ విద్యార్థిగా ఆడుతున్న రోజుల్లో, 1967లో, కళాశాల ఆటల్లో బంతిని పైనుంచి బుట్టలో కుక్కడాన్నే నిషేధించారు. 1976 దాకా ఆ నిషేధం నడిచింది. స్కైహుక్‌కు సాన పెట్టుకోవడానికి ఆ నిషేధమే అతనికి అక్కరకొచ్చింది.

ఇక నా ఓటు అడుగుతారా? ఒక్క ఆట, గెలిచి తీరాలి అంటే రస్సెల్‌ను పిలుస్తాను. ఒక్క రాత్రి అద్భుతం చూడాలంటే ఛాంబర్లేన్. అందరిలోకీ గొప్ప ఎవరంటే మాత్రం అబ్దుల్ జబ్బార్ పేరు రాస్తాను. ఒక ఫలితాన్ని నమ్మాలంటే పరిస్థితులు మార్చి మళ్ళీ మళ్ళీ చేసినా అదే రావాలంటాం కదా. రెండు జట్లు, ఇరవై ఏళ్ళు, మారిన నిబంధనలు, అన్నిటిలోనూ వచ్చిన ఫలితం అతనిది. రస్సెల్ ఒకే జట్టులో, ఎక్కువకాలం ఒకే శిక్షకుడి కింద ఆడాడు. మరో జట్టులో ఎలా ఉండేవాడో మనకు ఋజువు లేదు. దీనికి మా ఇంట్లోనే ఒప్పుకోని మనిషి ఉన్నాడు. ‘ఋజువు లేకపోవడం రస్సెల్ తప్పా?’ అంటాడు మా తమ్ముడు. దానికి నేనింకా జవాబు వెతుకుతున్నాను.

మీకొక లెక్క ఇస్తాను. 1961-62లో రస్సెల్ రీబౌండ్ల సగటు 23.6. ఛాంబర్లేన్‌కు వేసినట్టే వాటా కట్టి, 2022-23 ఆటలో అది ఎంతవుతుందో చెప్పండి. ఆ తరువాత బడి మైదానంలో ఫ్రీ త్రోలు తలమీదనుంచి 50, మోకాళ్ళ మధ్యనుంచి 50 వేసి రెండు వరుసల్లో రాసుకోండి. నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి.